గంటన్నరే కదా!

‘ఆకాశం నీ హద్దురా’ (2020) వచ్చినప్పుడు మా టీమ్‌లో అందరూ మాట్లాడుకున్నది ఎయిర్‌పోర్టు సీను గురించే. తండ్రి చావుబతుకుల్లో ఉంటాడు. సూర్య దగ్గర టికెట్టుకి డబ్బు చాలదు. తోటి ప్రయాణికుల ముందు చేతులు చాచి అడుక్కుంటాడు. ఇంటికి చేరేసరికి తండ్రి ఉండడు. సామాన్యుణ్ణి విమానం ఎక్కించాలన్న అతని పంతానికి ఆ అవమానమే బలం. కెప్టెన్ గోపీనాథ్ ఆత్మకథ ‘సింప్లీ ఫ్లై’ ఆధారంగా, కావలసినంత స్వేచ్ఛ తీసుకుని సుధ కొంగర తీసిన సినిమా ఇది. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చాను.

ఈమధ్య మళ్ళీ చూశాను. ఈసారి ఏడుపు రాలేదు, ఒక అనుమానం వచ్చింది. టికెట్టు చవకైతే కొడుకు ఇంటికి చేరతాడా?

నేనుండేది బెంగళూరులో. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవాణ్ణి, దాదాపు ఒక రోజు ప్రయాణం. తర్వాత దొరకదన్న భయంతో నెలల ముందే రిజర్వేషన్ చేయించేవాణ్ణి. చేయించాక ఇక మానేది లేదు. జీతం పెరిగి విమానం అలవాటయ్యాక ఊరు దగ్గరైపోయింది. ఎప్పుడనుకుంటే అప్పుడు వెళ్ళొచ్చు. అందుకే వెళ్ళడం తగ్గిపోయింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, తేదీ వేసిన పని జరుగుతుంది, ‘ఎప్పుడైనా చేయొచ్చు’ అనుకున్నది బ్యాక్‌లాగ్‌లో పడుంటుంది.

ఒకసారి ఫోన్లో అమ్మమ్మ అడిగింది. “ఇమానంలో ఎంతసేపురా?”

“గంటన్నరే అమ్మమ్మా.”

“గంటన్నరేనా! మరింక రావడానికేంట్రా?”

రిలీజు ఉందన్నాను.

ఆమె పోయినట్టు ఒకరోజు తెల్లవారుజామున ఫోనొచ్చింది. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఉన్నాను. ఐస్ బాక్స్ అద్దంలోంచి మొహం చూడగలిగాను. రైలైతే ఆ చూపు కూడా దక్కేది కాదు. కాబట్టి విమానాన్ని తిట్టే హక్కు నాకు లేదు. అలాగని మెచ్చుకోవడానికీ నోరు రాదు.

ఈ రెండు మనసుల గురించి ఎవరైనా రాశారేమోనని అలాన్ ద బాటన్ ‘ఎ వీక్ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ చదివాను. 2009లో లండన్ హీత్రూ విమానాశ్రయం యాజమాన్యం పిలిస్తే వెళ్ళి, టెర్మినల్ 5లో బల్ల వేసుకుని వారం పాటు గమనించి రాసిన చిన్న పుస్తకం. చూపు చురుకైనది. దారి తప్పినవాళ్ళు తన దగ్గరికొస్తుంటారని అక్కడి మతగురువు చెబితే, ఏ అర్థంలో దారి తప్పారో అని ఈయన ఆరా తీస్తాడు. తీరా చూస్తే వాళ్ళకి కావలసింది టాయిలెట్లు! నేను గట్టిగా నవ్విన పేజీ అది. వీడ్కోళ్ళు, ఎదురుచూపులు కూడా బాగానే పట్టుకున్నాడు. కానీ ఆ వారంలో ఆయనకి అందుకోవలసిన విమానం లేదు, అవతల ఎవరూ మంచం పట్టి లేరు. అందరి బాధా కనిపిస్తుంది, ఆయన సొంత తప్పు ఒక్కటీ కనిపించదు. నాకు ఆ పుస్తకం చివరిదాకా అద్దం అవతలే ఉండిపోయింది.

సినిమాలో లేనిది కూడా ఆ తప్పే. కొడుకు చేరలేకపోవడానికి కారణం డబ్బు, వ్యవస్థ, పెద్ద కంపెనీలు. అవన్నీ నిజమే. గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ 2003లో మొదలుపెట్టకపోతే, నాలాంటివాళ్ళకి విమానం ఇంత మామూలు విషయం అయ్యేది కాదేమో. కానీ ఆ అడ్డంకులన్నీ తొలగాక మిగిలే కొడుకు గురించి సినిమాకి పట్టింపు లేదు. ఆ కొడుకు కథ ఎవరైనా రాస్తే చదవాలనుంది. అందులో విలన్ ఉండడు కాబట్టి రాయడం కష్టం.

రెండోసారి చూసినప్పుడు నన్ను పట్టుకున్నది ఎయిర్‌పోర్టు సీను కాదు, ముగింపు. ఊరివాళ్ళు, ముసలీ ముతకా, విమానం దిగి వస్తారు. అది చూస్తుంటే తట్టింది. నేను రాలేకపోతే అమ్మమ్మకైనా ఒక టికెట్టు తీసి ఉండొచ్చు. గంటన్నరే కదా. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకా ఆలోచన రాలేదు.