నోరున్న బొమ్మకు

బొమ్మా, ముందు నీ కింది దవడకు మొక్కుతాను. నీ కాటుక కళ్ళను అందరూ మెచ్చుకుంటారు, నీ జడకుచ్చుల కోసం పిల్లలు చేతులు చాపుతారు. నిన్ను చేసేవాళ్ళ రాత్రులు మాత్రం ఆ దవడ దగ్గరే కరిగిపోతాయి. అది బిగుసుకుందా, కొత్త చెప్పులా కరుస్తుంది. ఆడించేవాళ్ళ మణికట్టు నాలుగు మాటలకే అలిసిపోతుంది. మరీ వదులైందా, మాట రాకముందే తెరుచుకుంటుంది, మాట అయిపోయాక మూసుకోవడం మరిచిపోతుంది. బిగువుకూ వదులుకూ నడుమ ఉన్న ఆ కాస్త చోటులోనే నీ ప్రాణం ఉంది.

నిన్ను కడప బండ మీద పుట్టిస్తాను. మిట్టమధ్యాహ్నం కూడా నీడపట్టున ఆ నల్లబండ చల్లగా ఉంటుంది. దాని మీద పరిచిన గుడ్డ ముడతపడదు, గీసిన గీత వంకరపోదు. నీ తలలోకి ఆదోని పత్తి కూరుతాను. ఆ మార్కెట్టుకు బండ్లకొద్దీ వచ్చే పత్తిలో నీకు గుప్పెడు చాలు, నెత్తికి కొంచెం, బుగ్గలకు కొంచెం. నీ ఒంటికి అమ్మ కట్టి విడిచిన నూలుచీర. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి, గంజి అంతా పోయి, ఎటు వంచితే అటు వంగే చీర. కొత్తగుడ్డతో నోరు కుట్టొద్దని నేర్చుకునేవాళ్ళకు మరీ మరీ చెబుతాను. కొత్తగుడ్డకు తన మడతే తనకు ముఖ్యం, పాతచీర మన వేళ్ళ మాట వింటుంది.

ఇక నీ నోరు. గట్టి అట్టను రెండు అరచందమామలుగా కోస్తాను. పైది నీ అంగిలి, కిందిది నీ నాలుక పడుకునే చోటు. ఆ రెండు ముక్కలనూ అంచుకు అంచు ఆనించి అతికిస్తే పని చెడుతుంది, మూసేటప్పుడు ఒక అంచు రెండో అంచును తన్ని ఆగిపోతుంది. నడుమ అట్ట మందానికి రెట్టింపు సందు వదిలి, ఆ సందు మీదుగా గుడ్డ పట్టీని పోనివ్వాలి. జిగురు అట్ట మీదే ఆగాలి, సందులోకి జారకూడదు. మైదాజిగురు ఎండితే రాయి అవుతుంది. మడతపడే చోట అది చేరిందంటే ఆ నోరు ఎన్నటికీ మెత్తగా పలకదు. నోటి మూలల్లో గుడ్డకు పిసినారితనం చూపకూడదు. అక్కడ కాస్త ఎక్కువ గుడ్డ వదిలితే నోరు తెరిచినప్పుడు అది విచ్చుకుంటుంది, మూసినప్పుడు మడతల్లోకి ఒదుగుతుంది. తక్కువైతే తెరిచిన ప్రతిసారీ వెనక్కి లాగుతుంది. లోపల, పైన నాలుగు వేళ్ళకు ఒక జేబు, కింద బొటనవేలికి ఒక జేబు. ఆ జేబులు వేళ్ళను పట్టి ఉంచాలి, నొక్కకూడదు.

బొటనవేలా, నీకూ ఒక దండం. ఏకలవ్యుణ్ణి ద్రోణుడు అడిగింది నిన్నే. నువ్వు లేకపోతే వింటినారి మోగదు, బొమ్మ నోరూ మెదలదు. మొదటిసారి బొమ్మను తొడుక్కున్నవాళ్ళు నాలుగు వేళ్ళనూ పైకెత్తి నోరు తెరుస్తారు. అలా తెరిస్తే తల మొత్తం వెనక్కి పోతుంది, బొమ్మ ఎదుటివాళ్ళను వదిలి దూలాలను చూస్తూ మాట్లాడుతుంది. మనం మాట్లాడేటప్పుడు కదిలేది కింది దవడే కదా. నాలుగు వేళ్ళూ కదలకుండా చూపును నిలబెట్టాలి. బొటనవేలు కిందికి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. చూపు నిలకడ, మాట కదలిక, రెండూ ఒకే అరచేతిలో.

మన భాష నీకు చేసిన మేలు కూడా చెప్పాలి. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది. మాట చివర నోరు కాస్త తెరిచే ఉంటుంది, తరువాతి మాట ఆ తెరిచిన వాకిట్లోకి నడిచి వస్తుంది. అందుకే తెలుగు మాట్లాడే బొమ్మ ప్రతి మాటకూ టప్పున నోరు మూసిందంటే వినేవాళ్ళకు ఎక్కడో ఇబ్బంది. నిండుగా మూయాల్సింది ప, ఫ, బ, భ, మ దగ్గర. అక్కడ పెదవులు కలవకపోతే ఎంత చిన్నబిడ్డయినా అబద్ధం పట్టేస్తుంది. ర, ల, ళ, న, ణలు నాలుక చేసే పనులు, నీకు వాటితో సంబంధం లేదు, నోరు కాస్త విప్పి ఉంచితే చాలు, వినేవాళ్ళ చెవి మిగతాది పూరించుకుంటుంది. అమ్మ, అబ్బ, అప్ప. తెరువు, మూయి, తెరువు. మనుషుల బిడ్డలు ముందు నేర్చే మాటలే నువ్వూ అన్నిటికంటే సులువుగా పలుకుతావు. నీ నోరు సరిగా కుదిరిందో లేదో చూసుకోవడానికి నేను 'అమ్మ' అనిపిస్తాను. అది కుదిరితే 'రామా' అనిపిస్తాను.

రాముడంటే గుర్తొచ్చింది, రామకథ ఆడే నీ పెద్దలకు మొక్కకుండా నిన్ను పొగడడం తప్పు. కడప పొరుగున, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, సాగదీసి ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచగా చేసి తోలుబొమ్మలు కోస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మనిషెత్తుకు చేరే బొమ్మలవి. ఉలితో వాటి ఒంటినిండా చిల్లులు పొడుస్తారు, ఆ చిల్లుల్లోంచి దీపం నగలై మెరుస్తుంది. వాటి నోరు మెదలదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర తోలు మీద తోలు పెట్టి, చిల్లులోంచి దారం దూర్చి, రెండు వైపులా ముడి వేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కర్రవుతుంది, వదిలేస్తే వేలాడుతుంది. నీ దవడ దగ్గర నేను పడే పాటు వాళ్ళు ఒక్కో బొమ్మకు ఎన్ని కీళ్ళుంటే అన్నిసార్లు పడతారు.

నోరు మెదలని బొమ్మ ఎలా మాట్లాడుతుంది? తెర మీద రావణుడు గర్జించేటప్పుడు రావణుడి చెయ్యి లేస్తుంది, ఒళ్ళు అదురుతుంది. సీత కదలకుండా నిలబడి వింటుంది. సీత వంతు వచ్చినప్పుడు ఆమె చెయ్యి మెల్లగా కదులుతుంది, అప్పుడు రావణుడు నిశ్చలం. మాట ఎవరిదో చేతులే చెబుతాయి. తెర వెనక ఆడవాళ్ళ గొంతు సీతకు, ద్రౌపదికి ప్రాణమిస్తుంది, కాలికింది చెక్కపలక యుద్ధమై మోగుతుంది. నోరున్న నువ్వు ఆ నోరులేని పెద్దల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఎదుటి బొమ్మ మాట్లాడేటప్పుడు నీ నోరు కదలకూడదన్నది మొదటి పాఠం. దవడ ఎంత సుతారంగా కుట్టినా, వినడం రాని బొమ్మ మాటను ఎవరూ నమ్మరు.

ఆ పెద్దలు మన నేల మీద ఎంతకాలంగా ఉన్నారంటే, 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో, శివరాత్రినాటి శ్రీశైలాన్ని వర్ణిస్తూ, చీర మరుగున భారతకథలు ఆడించే బొమ్మలవాళ్ళను కూడా తలుచుకున్నాడు. మొన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లాలో ఉన్న శ్రీశైలం అది. నల్లమల ఎక్కి వచ్చిన జనం మల్లన్నను చూసి, ఆ రాత్రి జాగారంలో బొమ్మల్ని చూశారు. వానలు మొగం చాటేసిన ఏళ్ళలో విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగుపల్లెల పాత నమ్మకం. బొమ్మ అడిగితే మబ్బు వింటుందని నమ్మిన జనం బొమ్మను ఎంత పెద్దదిగా చూశారో తలుచుకుంటే నా చేతిలోని సూది ఒక్క క్షణం ఆగుతుంది.

నీకు దూరదేశపు చుట్టాలూ ఉన్నారు. జపాను బున్‌రాకు బొమ్మలాటలో ఒక్క బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. వాళ్ళలో పెద్దాయన ఎడమచెయ్యి మెడ కింది పిడిని పట్టి, కొన్ని బొమ్మల కళ్ళనూ కనుబొమలనూ నోటినీ లోపలినుంచే కదుపుతుంది. అమెరికాలో 1955లో జిమ్ హెన్సన్ అనే కుర్రవాడు అమ్మ పాత కోటు కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి కళ్ళు పెట్టి ఒక బొమ్మ కుట్టాడు. కెర్మిట్ అని దానికి పేరు. చెక్కతలలకు రాని ముఖకవళికలు దానికి వచ్చాయి, లోపల వేళ్ళు కాస్త ముడిస్తే చాలు, మూతి విరిచేది, దిగులుపడేది. తరువాత లోకమంతా దాన్ని కప్పగా ఎరిగింది. సముద్రాల అవతల కూడా అమ్మ తొడిగి విడిచిన మెత్తటి గుడ్డే బొమ్మకు నోరు ఇచ్చిందని తెలిసినప్పటినుంచి అమ్మ పాతచీరల మూటను నేను ఇంకా భద్రంగా దాచుకుంటున్నాను.

బొమ్మా, నీ ఊరు బడి. ఢిల్లీలో 1979లో పుట్టిన సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ, పంతుళ్ళకు బొమ్మలాట నేర్పడం మొదలుపెట్టింది నీలాంటివాళ్ళ కోసమే. వెనక వరుసలో కూర్చుని, పేరడిగితే తల దించుకునే పిల్ల ఒకతె ప్రతి బడిలోనూ ఉంటుంది. ఆ పిల్ల చేతికి నిన్ను తొడుగుతాను. నువ్వు తెరుచుకోవడానికి బలం అడగకూడదు, అందుకే ఇంత పాటు. చిన్న బొటనవేలు అలా కిందికి వాలితే చాలు, నోరు విచ్చుకోవాలి. ఆ పిల్ల మొహం నీ చాటున ఉంటుంది, మాట నీది అవుతుంది. తోలుబొమ్మల తెర మీద కిల్లేక్యాతడూ బంగారక్కా అనే హాస్యగాళ్ళు రాజుల కొలువులోకి చొరబడి నోటికొచ్చింది అనేవాళ్ళు, ఎవరూ వాళ్ళ నోరు నొక్కలేదు. ఆ చనువు నీకూ ఉంది.

రా, ఎక్కు ఆ చేతికి. మొదట అమ్మను పిలువు, అబ్బను పిలువు, సంగటి అయిందా అని అడుగు. తరువాత కిటికీలోంచి మొగం బయటపెట్టి, ఆ మబ్బును పట్టుకుని గట్టిగా అడుగు: "ఏమబ్బా, ఏంటికి ఇంత ఆలస్యం? చెనిక్కాయ విత్తనం పోసి కూసున్నాం. ఎప్పుడు వస్తావు, యాడున్నావు, చెప్పు!"