ఏ చెయ్యి ముందు?

"ఫిట్స్ వచ్చినాయి సామీ" అన్నంత మాత్రాన డాక్టరుకు తెలిసేది తక్కువ. అవి వచ్చినప్పుడు ఆయన అక్కడ లేడు. వచ్చినవాడికి ఏమీ గుర్తుండదు. పక్కనున్నవాళ్లే చెప్పాలి.

గుడియాత్తంలో ఉంటాను కనక పలమనేరు, చిత్తూరు వైపు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చే మనవాళ్లకు తోడుపోవడం అలవాటైంది. లోపలికి పిలిచేలోపు వరండాలోనే సంగతి రాబడతాను.

"పడకముందు ఏం చేస్తా ఉన్నాడు పెద్దమ్మా?"

"దోసె తింటా ఉన్నాడు నాయనా."

"తుంచిన ముక్క చేతిలోనే ఉండిందా?"

"యాడుంది! జారిపోయె. కుడిచేతి బొటనేలు అదిరింది. మళ్లా మూతి ఆ పక్కకే లాక్కపోయింది."

కుడిచేత్తో మొదలైందంటే తంటా మెదడు ఎడమవైపున. స్కాన్ తీయకముందే ఎక్కడ వెతకాలో పెద్దమ్మ చెప్పేసింది.

గాలి సోకిందని తాయెత్తు కట్టించారనీ, చేతిలో తాళాలగుత్తి పెట్టారనీ కూడా అంటారు. కోప్పడను. తాళాలతో ఫిట్స్ ఆగవు గానీ, గుత్తి పెట్టేటప్పుడు పిడికిలి బిగిసి ఉందా, వదులుగా ఉందా అని అడగడానికి పనికొస్తుంది.

ఇక ఫిట్స్‌కు మూలం సంగతి. జేకబ్ చాందీ 1949లో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టింది ఈ వేలూరు సీఎంసీలోనే. స్కాన్‌లో కనిపించే చిన్న మచ్చను ఒకప్పుడు టీబీ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవారు. అలాంటి మచ్చల్లో చాలావాటికి కారణం బద్దెపురుగు పిల్ల అని 1980ల చివర ఇక్కడి వేదాంతం రాజశేఖర్, మాథ్యూ చాందీ తేల్చారు. తర్వాత వేలూరు జిల్లాలో సర్వే చేస్తే, ఫిట్స్ ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మందికి మూలం ఇదేనని తేలింది. పందిమాంసం ముట్టనివాళ్లు "పందిమాంసం తింటే వచ్చే పురుగు కదా, మాకెట్లా వస్తుంది?" అని వాదిస్తారు. పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల మీదుగా తిండిలోకి చేరితే చాలు, శాకాహారికీ వస్తుంది. ఈ మాట చెప్పినందుకు నాతో మాట్లాడడం మానేసినవాళ్లున్నారు.

ఫిట్స్‌కే కాదు, మనసు జబ్బుకూ పక్కనున్నవాళ్ల మాటే ఆధారం. వేలూరు బాగాయంలోని సీఎంసీ మానసిక వైద్యశాలలో రోగితోపాటు ఇంటిమనిషీ ఉండాలి. కూలి పోతుందని గొణుగుతారు, నిజమే పోతుంది. కానీ నిద్ర ఎప్పుడు తప్పింది, అనుమానం ఎవరిమీద మొదలైంది, ఇవి ఇంకెవరు చెప్పగలరు?

ఈమధ్య ఫోన్లో వీడియో తీసుకొస్తున్నారు. డాక్టర్లకు అది బాగా ఉపయోగం. అయితే కెమెరా తెరిచేసరికి మొదటి అరనిమిషం దాటిపోయి ఉంటుంది. దోసె ముక్క జారింది అందులో ఉండదు. అది పెద్దమ్మే చెప్పాలి.