తూకం దగ్గర మొదలుపెట్టు

కిందటి ఆదివారం షూటింగ్ రేంజ్ మెట్లు దిగుతుంటే ఓ కుర్రాడు వెనకాలే వచ్చాడు. కడప వైపు మాట. ఇంజినీరింగ్ మూడో ఏడు, బెంగళూరులో కెంగేరి దగ్గర హాస్టల్లో ఉంటున్నాడట. "అంకుల్, ట్యూషన్లు చెప్పి పదిహేను వేలు కూడబెట్టాను. ఏ ఎయిర్ గన్ కొనమంటారు?" అని అడిగాడు. మెట్ల మీద నిలబడి చెప్పేసే జవాబు కాదది. "వచ్చే వారం రాస్తాను, చదువు నాయనా" అన్నాను. ఇదే ఆ జవాబు.

ఈ విద్యలో నాకు మొదటి పాఠం చెప్పింది టెక్సాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి. అక్కడ చాలామంది లాగే మా అన్నయ్య కూడా తన రైఫిల్‌కి తూటాలు తనే తయారు చేసుకుంటాడు. ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాన్ని పారెయ్యకుండా శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి మళ్ళీ తూటా చేస్తారు. రీలోడింగ్ అంటారు దాన్ని. ఒక రాత్రి వీడియో కాల్‌లో గ్యారేజీలో తన బల్ల చూపించాడు. ఏదో పెద్ద యంత్రం ఉంటుందనుకున్నాను. ఉన్నదల్లా మీట ఒకసారి లాగితే ఒక్క పని మాత్రమే చేసే చిన్న ప్రెస్సు, దాని పక్కన తక్కెడ, ఒక కాలిపర్సు.

"ఒరేయ్, కొత్తగా దిగినవాళ్ళు డబ్బంతా ప్రెస్సు మీదే పోస్తారు. నేను చవక ప్రెస్సు కొని, మిగిల్చింది తక్కెడ మీద పెట్టాను. తూటాలు తొందరగా తయారైతే ఏం లాభం రా? నిన్నటి తూటా ఎలా ఉందో ఇవాళ్టిదీ అలాగే ఉండాలి" అన్నాడు.

మన దేశంలో ఆ పని ఇంట్లో చేయడానికి వీల్లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. ఈ విషయంలో ఎవరి మాటలూ నమ్మవద్దు, ఎవరి వీడియోలూ చూసి ప్రయత్నించవద్దు. మనలాంటి వాళ్ళకు తెరిచి ఉన్న తలుపు ఎయిర్ గన్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. అందులో మందు లేదు, ప్రైమరు లేదు. గాలి, ఒక సీసం పెల్లెట్, అంతే. అయినా అన్నయ్య చెప్పిన ఆ ఒక్క మాట ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది. అది నాకు అనుభవం మీద గానీ తెలియలేదు.

మొదటి ఏడాది నేను అన్నిటికంటే చవకగా దొరికే పెల్లెట్ల డబ్బా కొనేవాణ్ణి. మూడు వారాల పాటు నా గుళ్ళు కాగితం మీద చెట్టుకొకటి పుట్టకొకటి పడ్డాయి. చెయ్యి వణుకుతోందనుకున్నాను. కళ్ళద్దాలు మార్చాను. నిలబడే తీరు మార్చాను. ఒక సాయంత్రం రేంజ్‌లో గురి నేర్పే మా సార్ నా డబ్బాలోంచి పది పెల్లెట్లు తీసి బల్ల మీద పోసి, "మీ చేతిని తర్వాత చూద్దాం, ముందు వీటిని చూడండి" అన్నారు. పదింట్లో మూడింటికి వెనక అంచు సొట్టపోయి ఉంది.

ఆ రాత్రి ఇంట్లో ఫొటో ఫ్రేము గాజు పలక ఊడదీసి, ఒక అంచు కింద రెండు పెన్సిళ్ళు పెట్టాను. పెల్లెట్ నడుము సన్నగా ఉంటుంది, తల బల్లపరుపుగా ఉంటుంది. వెనక భాగం పావడాలా విచ్చుకుని, తలకంటే కాస్త వెడల్పుగా ఉంటుంది. అందుకని గాజు మీద వదిలితే తిన్నగా పోదు, గరాటా దొర్లినట్టు వంపు తిరుగుతూ దిగుతుంది. బాగున్నవన్నీ ఒకే వంపు గీసి ఒకే చోట ఆగుతాయి. సొట్టపడ్డది మధ్యలో తడబడి పక్కకు పోతుంది. ఆ సీసం పావడా చాలా పలచన, లారీ కుదుపులకే వంగిపోతుంది. అది వంగితే గొట్టంలో గాలి దాని పక్కనుంచి జారిపోతుంది, వేగం మారుతుంది, గుండు ఇంకోచోట తగులుతుంది. 500 పెల్లెట్ల డబ్బాలో ఆ రాత్రి 61 పక్కన పెట్టాను. మర్నాడు మిగిలినవాటితో కొట్టాను. చెయ్యి అదే, గన్ అదే. కాగితం మీద చిల్లులు మాత్రం ఒకదాని పక్కకు ఒకటి వచ్చి చేరాయి.

ఇంత చిన్న తేడా ఎందుకు లెక్కలోకి వస్తుందో అంకెలు చూస్తే తెలుస్తుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని తాకాల్సిన పెల్లెట్ వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు, బరువు అర గ్రాము పైచిలుకు. పోటీలో అలాంటివి 60 కొట్టాలి, గంటా పావులో. పెద్ద పోటీల్లో వాడే రైఫిల్ ఆ పెల్లెట్‌ని సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. లెక్క కడితే ఏడెనిమిది జౌళ్ళకు మించదు. అంటే చట్టం ఇచ్చిన హద్దులో సగం కూడా లేదు. దుకాణంలో "ఇది చాలా పవర్‌ఫుల్ సార్" అని చూపిస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకోవాలి. శక్తి కొనుక్కుంటే గురి రాదు.

ఇక కొనే వరస చెబుతాను. మొదటి మూడు నెలలు గన్ కొనవద్దు, క్లబ్బు గన్‌తోనే కొట్టు. నీకు రైఫిల్ నప్పుతుందో పిస్టల్ నప్పుతుందో ఆ మూడు నెలల్లో నీ భుజమూ మణికట్టూ చెబుతాయి. ఈలోగా మంచి పెల్లెట్లు రెండు మూడు రకాలు ఒక్కో డబ్బా తెచ్చి, ఏది ఆ గొట్టానికి సరిపడుతుందో కాగితం మీద చూసుకో. ఖరీదైనదే సరిపడాలని లేదు. తర్వాత మిల్లీగ్రాములు చూపే చిన్న తూకం ఒకటి కొను. దొర్లించి ఏరినవాటిని బరువును బట్టి కుప్పలు చెయ్యి. పోటీ రోజుకు ఒకే కుప్పలోవి తీసుకెళ్ళు.

ఆ తర్వాత గన్. పదిహేను వేలలో మన దేశంలో తయారైన స్ప్రింగ్ రైఫిల్ దొరుకుతుంది. గొట్టం విరిచి వంచితే లోపల స్ప్రింగ్ బిగుస్తుంది, ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది. ఆ దూకుడుకి గన్ చేతిలో కదులుతుంది కాబట్టి గట్టిగా పిడికిట పట్టకూడదు, ప్రతిసారీ ఒకే చోట ఒకే మెత్తదనంతో ఆనించాలి. పట్టుదల నేర్పే గన్ అది. పెల్లెట్ లేకుండా మాత్రం దాన్ని ఎప్పుడూ పేల్చవద్దు, పిస్టన్ దెబ్బతింటుంది. దుకాణంలో చూడాల్సింది పాలిష్ కాదు, ట్రిగ్గర్. పెల్లెట్ పెట్టి పదిసార్లు నొక్కితే పదిసార్లూ ఒకే చోట, ఒకే బరువుతో తెగాలి. ఎయిర్ పిస్టల్‌కి పోటీ నిబంధన ప్రకారం ట్రిగ్గర్ బరువు అరకిలోకు తగ్గకూడదు. అరకిలో తూకం రాయిని ట్రిగ్గర్‌కి తగిలించి, పిస్టల్‌ని పైకి లేపి పరీక్షిస్తారు.

విదేశీ పోటీ పిస్టల్ కొత్తది లక్ష దాటుతుంది. సీనియర్లు అమ్మే పాతది చూస్తే తప్పు లేదు గానీ గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చదువు. తయారై పదేళ్ళు దాటిన సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు. చవగ్గా వచ్చిందని కొన్న పిస్టల్‌కి మళ్ళీ సిలిండర్ ఖర్చు తోడవుతుంది.

ఇంట్లో సాధన చేస్తే పెల్లెట్ ఆగే పెట్టె నువ్వే చేసుకోవచ్చు. చెక్క పెట్టె, లోపల వెనక మందపాటి ఉక్కు రేకు, దాని ముందు గట్టిగా కుక్కిన పాతగుడ్డలు. పెట్టె వెనక గోడే ఉండాలి, తలుపో కిటికీయో ఉండకూడదు. కళ్ళజోడు తప్పనిసరి. సీసం విషం. పెల్లెట్ నోట్లో పెట్టుకోకు, కొట్టేటప్పుడు ఏదీ తినకు, అయిపోగానే సబ్బుతో చేతులు కడుక్కో. పిట్ట మీదికీ కుక్క మీదికీ గన్ ఎత్తకు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఊళ్ళ జనం తమంతట తాము ఎయిర్ గన్లు తెచ్చి అప్పగించడం మొదలుపెట్టారు, అడవిలో పిట్టలు మిగలాలని. కాగితం మీద చుక్క చాలు మనకు.

దుకాణంలో దొరకనిది కూడా ఒకటుంది. మన బెంగళూరు మనిషే షూటర్ ప్రకాశ్ నంజప్ప. కెనడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి పిస్టల్ పట్టుకున్నాడు. 2013లో పోటీకని స్పెయిన్ వెళ్ళినప్పుడు ముఖం ఒక పక్క చచ్చుబడింది. గురి చూసే విద్యలో ఉన్నవాడికి అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు. మరుసటి ఏడే గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం తెచ్చాడు. పోయిన స్థిమితాన్ని తిరిగి తెచ్చుకోవడం ఏ దుకాణంలోనూ జరగదు. నిన్న చేసిన పని ఇవాళ, ఇవాళ చేసింది రేపు, తేడా లేకుండా చేస్తూ పోవాలి. మా అన్నయ్య బల్ల మీద తక్కెడ నేర్పేదీ, నా గాజు పలక నేర్పేదీ అదే.

కాబట్టి నాయనా, ఆ పదిహేను వేలూ బ్యాంకులోనే ఉండనీ. వచ్చే ఆదివారం కాస్త ముందుగా రా. గాజు పలక, రెండు పెన్సిళ్ళు, విప్పని డబ్బా ఒకటి నేను తెస్తాను. ఇద్దరం కూర్చుని 500 దొర్లిద్దాం. చివరి పెల్లెట్ దాకా నీకు విసుగు రాకపోతే గన్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.