బుడుగు మాట, మన పిల్లల మాట

తెలుగులో పిల్లల పుస్తకం అనగానే చాలామంది ముందుగా చెప్పే పేరు ‘బుడుగు’. రాసింది ముళ్ళపూడి వెంకటరమణ, బొమ్మలు వేసింది బాపు. రమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు, బాపు 1933లో నరసాపురంలో. మద్రాసులో చదువుకునే రోజుల్లో కలిసిన స్నేహం చివరిదాకా నిలిచింది. రమణకు చిన్నతనంలోనే తండ్రి పోయారు. లేమి వల్ల చదువు ఎస్సెస్సెల్సీతో ఆగింది. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు మొదలైంది.

దివిసీమలో యానాది పిల్లలకు పాఠం చెప్పే మేము ఈ పుస్తకాన్ని ఎట్లా చదువుకోవాలి?

ముందు దాని గొప్పతనం చెప్పుకుందాం. అంతకు ముందు పిల్లల పుస్తకాల్లో ఎక్కువగా పెద్దవాళ్ళే నీతి చెప్పేవారు, పిల్లవాడు వినేవాడు. ఇక్కడ మాట్లాడేది పిల్లవాడే. బామ్మనూ, బాబాయినీ, ప్రైవేటు మాస్టారునూ తన కళ్ళతో చూసి, తన నోటికి వచ్చినట్టే చెబుతాడు. రమణ ఆ మాటను దిద్దలేదు. బాపు కూడా అంతే. నాలుగు గీతల్లో పిల్లవాడి అల్లరినీ, ధీమానూ పట్టుకున్నారు. ఆ బొమ్మ చూస్తే పలక మీద మనమూ వేయగలమనిపిస్తుంది.

అయినా ఒకసారి నాలుగో తరగతిలో దీన్ని చదివి వినిపిస్తే, మేము నవ్విన చోట పిల్లలు నవ్వలేదు. ప్రైవేటు మాస్టారి దగ్గరకు వచ్చేసరికి ఒకడు అడిగాడు: “ఇంటికి మాస్టారెందుకొస్తారు సార్? బడికెందుకు రాలేదని అడగటానికా?”

ఆ ప్రశ్నలోనే విమర్శంతా ఉంది. బుడుగుది కడుపు నిండిన ఇల్లు. అక్కడ ఎదురు మాట్లాడితే ముద్దు. మన పిల్లవాడు అదే మాట అంటే పొగరంటారు. మేము చదువుకున్న బడిలో మా యాసకు తరగతంతా నవ్వింది. ఆ ఏడాదంతా మేము మళ్ళీ నోరు తెరవలేదు. అట్లా నోరు మూసుకున్న పిల్లలే కొన్నాళ్ళకు బడి మానేస్తున్నారు.

ఇందుకు రమణను తప్పుపట్టలేం. ఆయన తనకు తెలిసిన ఇంటిని రాశారు. మన ఇంటిని మనం రాయలేదు, తప్పు అక్కడుంది. ఎలుకబుట్ట ఎక్కడ పెట్టాలో, బొరియ దగ్గర తడిమట్టి చూసి లోపల పీత ఉందని ఎట్లా తెలుసుకోవాలో మన ఎనిమిదేళ్ళ పిల్లకు తెలుసు. అది బుడుగుకు తెలియదు. ఆ పిల్ల ఏ పుస్తకంలోనూ లేదు.

పిల్లల ఇంటి భాష నుంచే పాఠం మొదలుపెట్టాలని ఉపాధ్యాయ శిక్షణలో మేమంతా చదివాం, పరీక్షలో రాశాం. తరగతి గదిలోకి రాగానే మరిచిపోయాం. ఇప్పుడు మా బడిలో శనివారం పూట ఒక పిల్ల చెబుతుంది, మేము దిద్దకుండా రాస్తాం, ఇంకొకడు బొమ్మ వేస్తాడు. దారంతో కుట్టిన ఆ కాగితాలను పిల్లలు ఇంటికి తీసుకుపోయి అమ్మకు చదివి వినిపిస్తున్నారు. చదువురాని ఆ తల్లులు “ఇది మా పిల్ల మాటే” అని గుర్తుపడుతున్నారు.

బుడుగును మన పిల్లలకు తప్పకుండా చదివి వినిపించండి. కానీ చదవడం అయ్యాక పుస్తకం మూసి, “ఇప్పుడు నువ్వు చెప్పు” అనండి.