ఊడ్చేదెవరు?

ఒక విశ్వవిద్యాలయం ఫైనాన్స్ సెక్షన్‌లో చేరిన కొత్తలో నా బల్ల మీదికొచ్చిన మొదటి పెద్ద ఫైలు సెమినార్ హాలుది. 200 కుర్చీలు, ఏసీ, గ్రాంటు కూడా మంజూరైపోయింది. రెండు రోజులు కూర్చుని నోటు రాసి పట్టుకెళ్లాను. మా సూపరింటెండెంటు గారు చివరిదాకా చదివి కళ్లజోడు తీశారు.

"బాగుందయ్యా. మరి ఊడ్చేదెవరు?"

వెటకారం అనుకున్నాను. కాదు. కట్టడానికి డబ్బు ఒక్కసారి వస్తుంది. ఊడవడం, కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, పదేళ్లకోసారి స్లాబుకు పూత, ఇవన్నీ భవనం నిలిచినంత కాలం ఉంటాయి. మా భాషలో మొదటిది నాన్ రికరింగ్, రెండోది రికరింగ్. మొదటిదానికి రిబ్బన్ కత్తిరిస్తారు, శిలాఫలకం వేస్తారు. కరెంటు బిల్లుకు ఎవరు వేస్తారు?

ఆ లెక్కన నాకు గౌరవం జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి మీద. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష ఎంత పెద్ద మొత్తమో అందరూ చెబుతారు. నా కన్ను మాత్రం 'ఏటా' అన్న మాట మీదే ఆగుతుంది. ఆయన దగ్గర మంచి గుమాస్తా ఉండి ఉంటాడని నా అనుమానం.

ఉస్మానియాది ఇంకో దారి. 1918లో మొదలైన విశ్వవిద్యాలయానికి ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గానీ తెరుచుకోలేదు. మొదట అద్దె ఇళ్లలోనే పాఠాలు నడిచాయి. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని విదేశాల్లో విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశారు. ఈ రోజుల్లో అయితే ముందు త్రీడీ బొమ్మ వస్తుంది, పోస్టులు తర్వాత చూద్దాం అంటారు.

పోస్టులంటే గుర్తొచ్చింది. పంచవర్ష ప్రణాళికల కాలంలో యూజీసీ కొత్త అధ్యాపక పోస్టులు ఇచ్చేది. జీతం ప్రణాళిక ముగిసేదాకా వాళ్లది, ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ మేరకు ముందే హామీ కాగితం కావాలి. ఆ కాగితం కోసం సచివాలయంలో ఎన్ని మధ్యాహ్నాలు బెంచీ మీద కూర్చున్నానో! 2017 మార్చితో పన్నెండో ప్రణాళిక ముగిసింది, ప్రణాళికలే పోయాయి. బెంచీ ఉందనుకుంటాను.

బడ్జెట్ సీజన్‌లో శాఖల నుంచి ప్రతిపాదనలు వచ్చేవి. మేం కోస్తామని హెడ్‌లకు తెలుసు గనక పెంచి రాసేవారు. పెంచి రాశారని మాకు తెలుసు గనక కోసేవాళ్లం. బ్లాక్ గ్రాంటు మా జీతాలకు, పింఛన్లకే చాలేది కాదు. మిగతాది పరీక్ష ఫీజులు, దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల నుంచి పూడ్చుకోవాలి. కోత దగ్గరికొచ్చేసరికి మొదటి కత్తెర మరమ్మతుల పద్దుకే. జీతం ఆగితే సంఘం అరుస్తుంది, మెస్ ఆగితే పిల్లలు అరుస్తారు. స్లాబు అరవదు. కారుతుంది, అంతే. ఆ కత్తెర చాలాసార్లు నా చేతిలోనే ఉంది.

సెమినార్ హాలు కట్టారు. బాగానే కట్టారు. అదే వానాకాలం పక్కనున్న హాస్టల్ రెండో అంతస్తులో మంచాల మధ్య బకెట్లు పెట్టుకున్నారు. హాలు పద్దులో కొంత మిగిలింది గానీ, ఆ గ్రాంటు సొమ్ము ఇంకో పనికి మళ్లించకూడదు. యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో పైసాతో సహా తేలాలి. మిగిలిన డబ్బుకు తెరలు కొన్నాం. మెరూన్ రంగు.

పోయిన ఏడాది పాతవాళ్ల సలహా కోసమని నన్ను పిలిచారు. యూజీసీ ఇప్పుడు ఇన్‌స్టిట్యూషనల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయమంటోంది కదా, దాని కోసం. సమావేశం ఆ హాల్లోనే. ఏసీలు పనిచేయడం లేదు, కిటికీలు తెరిచారు. తెరల మెరూన్ ఇటుక రంగుకు దిగింది. కన్సల్టెంటు కుర్రాడు అద్దాల భవనం బొమ్మలు చూపిస్తుంటే మా సూపరింటెండెంటు గారి ప్రశ్న అడిగేశాను. అందరూ నవ్వారు. కుర్రాడు మాత్రం నవ్వకుండా నోట్ చేసుకున్నాడు.

బయటికొస్తుంటే గుమ్మం దగ్గర చీపుర్లతో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎక్కడ పనమ్మా అని అడిగాను. "హాస్టల్లో సార్. మీటింగుందని పొద్దున్నే ఇక్కడికి తీసుకొచ్చారు" అంది ఒకామె.