ఓడినవాడికి వచ్చే వారం ఉండాలి

మా ఆశ్రమ పాఠశాల మైదానంలో గోల్ పోస్టులు వెదురువి. వాన పడితే ఒక చివర నీళ్లు నిలుస్తాయి, రెండో చివర రాళ్లు తేలుతాయి. అయినా సాయంత్రం గంట కొట్టగానే అరవై మంది పిల్లలు ఒక్క బంతి వెనక పరిగెడతారు. వారిలో ఒక అబ్బాయిని మూడేళ్ల క్రితం పట్నంలో ఎంపికకు తీసుకెళ్లాం. జాతీయ యూత్ లీగ్‌లో ఆడే 15 ఏళ్ల లోపు జట్టు కోసం ఒక అకాడమీ పిల్లల్ని చూస్తోంది. వాడు బూట్లు అరువు తెచ్చుకున్నాడు. తెల్లవారుజామున బస్సెక్కి, తర్వాత రైలెక్కి వెళ్లాం. బంతి ముట్టుకోకముందే బల్ల దగ్గర ఆపేశారు. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ ఉంది, స్టడీ సర్టిఫికెట్‌లో మరొకటి. తేడా ఏడాదిన్నర.

తిరుగు ప్రయాణంలో వాడు అడిగాడు: "మాస్టారూ, ఇంతకీ నేను ఎప్పుడు పుట్టాను?"

సమాధానం మా దగ్గర లేదు. బడిలో చేర్చిన రోజు వాళ్ల నాన్న "చోడి కోతలప్పుడు పుట్టాడు" అన్నాడు. మేము జూన్ 1 అని రాసి, ఒక సంవత్సరం వేసి, సంతకం పెట్టాం. ఆ రోజు అది మాకు చిన్న పని.

ఆ తర్వాతే ఆ లీగ్ ఎలా నడుస్తుందో తెలుసుకున్నాం. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బాలురకు వయసుల వారీగా వేర్వేరు యూత్ లీగ్‌లు నడుపుతోంది. క్లబ్బుల జూనియర్ జట్లు, సమాఖ్య గుర్తింపు ఉన్న అకాడమీలు వీటిలో ఆడతాయి. జట్లను గ్రూపులు చేస్తారు. గ్రూపులో ప్రతి జట్టూ మిగతా జట్లతో ఆడుతుంది. ముందు నిలిచినవి పై దశకు వెళ్తాయి. వయసు తేల్చడానికి కాగితాలు చూస్తారు, మణికట్టు ఎముకల ఎదుగుదలనూ పరీక్షిస్తారు.

ఇది మంచి ఏర్పాటు. ముందు ఆ మాట ఒప్పుకోవాలి. ఎందుకు మంచిదో మన బడుల ఆటల పోటీలతో పోల్చి చూస్తే తెలుస్తుంది.

మన పిల్లలకు దొరికేవి ఓడితే ఇంటికి పంపే పోటీలు. ఎనిమిది జట్లు వస్తే మొదటి రోజే నాలుగు జట్లు సంచులు సర్దుకుంటాయి. మొత్తం ఏడు మ్యాచ్‌లతో పోటీ ముగుస్తుంది. అదే ఎనిమిది జట్లు లీగ్ పద్ధతిలో ఆడితే 28 మ్యాచ్‌లు. ప్రతి పిల్లవాడికీ ఏడు మ్యాచ్‌లు. 1960లో మొదలైన సుబ్రతో కప్ బడిపిల్లలకు దేశంలో పెద్ద టోర్నమెంటు. అక్కడికి చేరాలన్నా కింది స్థాయిల్లో గెలుస్తూ పోవాల్సిందే. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ఊళ్లలో మేకపోతును బహుమతిగా పెట్టి ఆడించే ఖస్సీ టోర్నమెంట్లకు ఊరంతా కదిలి వస్తుంది. అక్కడా సాధారణంగా ఓడిన జట్టు ఆ పూటే వెనుదిరుగుతుంది. ఒక తప్పు చేసిన డిఫెండర్ దాన్ని వచ్చే శనివారం దిద్దుకోవాలి. మన పిల్లవాడు వచ్చే ఏడాది దాకా ఆగాలి. అప్పటికి వాడు బడి మానేసి ఉండవచ్చు.

మ్యాచ్‌లు ఆడితేనే ఆట వస్తుందని సమాఖ్యకూ తెలుసు. 2017 అక్టోబర్‌లో 17 ఏళ్ల లోపు బాలుర ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది. తొమ్మిది గోల్స్ ఇచ్చి, జీక్సన్ సింగ్ కొట్టిన ఒక్క గోల్‌తో బయటికి వచ్చింది. ఆ పిల్లలను అక్కడితో ఇంటికి పంపలేదు. వాళ్లలో చాలామందితో ఇండియన్ యారోస్ జట్టు కట్టి, పెద్దవాళ్లు ఆడే ఐ-లీగ్‌లో దింపారు. 10 జట్లలో ఆ జట్టు చివరి స్థానంలో నిలిచింది. చివర వచ్చినా కింది స్థాయికి దించకుండా మినహాయింపు ఇచ్చారు. ఆ జట్టుకు ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లు దక్కాయి. అక్కడ ఆడిన అమర్జిత్ సింగ్, రహీమ్ అలీ తర్వాత దేశం సీనియర్ జట్టుకు ఆడారు. చివరి స్థానం వచ్చినా మళ్లీ ఆడించారు. ఆ ఓపిక మన పిల్లల మీద ఎవరు చూపించారు?

మా విమర్శ ఇక్కడే మొదలవుతుంది. యూత్ లీగ్ అకాడమీ దగ్గర మొదలవుతుంది, బడి దగ్గర కాదు. గుర్తింపు కావాలంటే మైదానం, లైసెన్సు ఉన్న కోచ్‌లు, వైద్య సదుపాయం ఉండాలి. పిల్లల భద్రతకు అవి అవసరమే. కానీ వందల మంది పిల్లలు ఒకే చోట తిని, పడుకుని, చదువుకునే ఆశ్రమ పాఠశాలకు ఆ లెక్కలో చోటు లేదు. ఏజెన్సీ పిల్లవాడు లీగ్‌లోకి వెళ్లాలంటే ఊరు వదలాలి. ప్రతిభను వెతుకుతున్నామని వచ్చేవాళ్లు ఒకరిద్దరిని తీసుకుపోతారు. సంతలో దళారి మంచి చింతపండు ఏరుకుని బుట్ట మనకే వదిలినట్టు ఉంటుంది.

ఏరడంలోనూ ఒక లోపం ఉంది. వయసు లెక్క జనవరి 1 నుంచి కడతారు. జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే జట్టు కోసం పోటీ పడతారు. 13 ఏళ్ల వయసులో 11 నెలల తేడా అంటే చేతి వెడల్పు పొడవు, నాలుగైదు కిలోల బరువు. ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఎంపికవుతారని యూరప్‌లో చాలా పరిశోధనలు తేల్చాయి. పౌష్టికాహారం అందక ఎదుగుదల ఆలస్యమైన మన పిల్లలకు ఈ నష్టం రెండింతలు. ఎముకల పరీక్షలో వాళ్లకు భయపడాల్సింది పెద్దగా లేదు. పక్కవాడి భుజం ముందు, బల్ల మీద కాగితం ముందు వాళ్లు ఓడిపోతున్నారు.

కాగితం కోసం జార్ఖండ్ ఆడపిల్లలు పడిన బాధ మనం మరవకూడదు. రాంచీ దగ్గరి పల్లెల పిల్లలు 2013లో స్పెయిన్ వెళ్లి ఒక టోర్నమెంటులో మూడో స్థానం తెచ్చారు. వెళ్లే ముందు జనన ధ్రువపత్రాలు అడిగితే పంచాయతీ ఆఫీసులో తమ చేత నేల ఊడిపించారని, చెంపదెబ్బలు కొట్టారని ఆ పిల్లలే చెప్పారు.

2022లో 17 ఏళ్ల లోపు బాలికల ప్రపంచ కప్‌లో మన జట్టు కెప్టెన్ అస్తం ఒరావ్, గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ. ఆమె పేరు చెప్పి ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ పనికే తల్లిదండ్రులు కూలికి వెళ్లారని పత్రికలు రాశాయి. మన దగ్గర నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టుకు, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడారు. ఈ పేర్లు తరగతిలో గర్వంగా చెబుతాం, చెప్పాలి కూడా. కానీ రెండు పేర్లు చెప్పి అరవై మందిని ఊరుకోబెట్టడం న్యాయం కాదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? సమాఖ్యను అడగాల్సింది ఒకటుంది: ఏజెన్సీ ప్రాంతాల్లో ఆశ్రమ, గురుకుల పాఠశాలల జట్లకు వాటి పరిధిలోనే లీగ్ దశ పెట్టాలి. అది వచ్చేదాకా కూర్చోనక్కరలేదు. పక్కపక్క మండలాల్లో ఆరు బడులు కలిస్తే చాలు. ఒక్కొక్క జట్టుకు ఐదు శనివారాలు, ఐదు మ్యాచ్‌లు. ఓడిన జట్టు కూడా చివరి శనివారం దాకా ఆడాలి. ఆటల మాస్టారు లేని బడిలో పెద్ద తరగతి పిల్లలే రిఫరీలు కావచ్చు, మన చదువుకున్న యువకులు రావచ్చు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడిపంతులే.

రెండో పని పూర్తిగా మన చేతిలోది. అడ్మిషన్ రిజిస్టర్‌లో జూన్ 1 రాసే అలవాటు మానాలి. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో, ఏఎన్ఎం ఇచ్చిన కార్డులో పుట్టిన రోజు దొరకవచ్చు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాది దాటినా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు చేయించవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర నుంచి జనన ధ్రువపత్రమే ఆధారం. అది లేని పిల్లలు రేపు మన గుమ్మం ముందే నిలబడతారు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. 15 ఏళ్ల లోపు జట్టు వాడికి ఇక లేదు. సెలవులకు వచ్చినప్పుడు మా పిల్లలకు విజిల్ ఊదుతాడు. వాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పటికీ చెప్పలేకపోయాం. ఈ జూన్‌లో చేరే పిల్లల విషయంలో అలా కాకూడదని, బడి తెరవకముందే గూడేలకు బయలుదేరుతున్నాం. మీరూ బయలుదేరండి.