కాలువ పేరుగా మిగిలిన గవర్నరు: బకింగ్‌హామ్ డ్యూక్ జీవితం – గోదావరి డెల్టా దృష్టి

1875–80 మధ్య మద్రాసు గవర్నరుగా పనిచేసిన మూడవ బకింగ్‌హామ్ డ్యూక్ తెలుగునాట ఒక కాలువ పేరుగానే మిగిలారు. తండ్రి అప్పుల వల్ల 1848లో స్టో భవనంలోని సంపద వేలానికి పోయింది. కుమారుడు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే అధ్యక్షుడై, 1867లో వలసరాజ్యాల మంత్రి అయ్యారు. రైళ్లకన్నా జలమార్గాలే మేలని వాదించినవారు కాటన్ దొర; కాలువకు నిలిచినది మాత్రం ఒకనాటి రైల్వే అధ్యక్షుని పేరు!

మద్రాసులో కూవం, అడయార్ నదులను కలిపే భాగాన్ని 1877–78లో కరువు పనిగా తవ్వించారు. కృష్ణా, గోదావరి కాలువల ద్వారా ఆ జలమార్గం యానాం పొరుగునున్న కాకినాడ దాకా సాగింది. యానాం మాత్రం పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలోనిది. చుట్టూ ఉన్నదంతా డ్యూక్ ఏలుబడి.

ఆ ఏలుబడిలోనే, 1852 నాటి ఆనకట్ట నీటితో డెల్టా పండుతుండగా, అదే గోదావరి జిల్లా మన్యంలో కల్లుపన్ను, ముఠాదార్ల అవస్థలు 1879లో రంప తిరుగుబాటుకు దారితీశాయి. కరువును, రంపను వేర్వేరు అధ్యాయాలుగా చదివే అలవాటు వల్ల ఒకే పాలకుని కాలం రెండుగా చీలిపోతోంది. కాటన్‌పై భక్తి, డ్యూక్‌పై మౌనం ఈ చీలికనే పెంచాయి. స్టో వేలంతో మొదలయ్యే ఆయన చరిత్ర రంపను దాటవేస్తే అది అసంపూర్ణమే.